ఆరోగ్య సమాచార మార్పిడి ప్రమాణాలు

ఆరోగ్య సమాచార మార్పిడి ప్రమాణాలు అనగా ఒక వైద్యశాలలోని కంప్యూటరు నుండి మరియొక వైద్యశాల, పరీక్షాలయం లేదా బీమా సంస్థ కంప్యూటరుకు రోగి వివరాలు అర్థభేదం లేకుండా చేరుటకు ఏర్పరచుకొన్న ఉమ్మడి నియమాలు. హెచ్‌ఎల్7, డైకామ్, ఫైర్ అనునవి వీటిలో ముఖ్యమైనవి. టీసీపీ/ఐపీ, హెచ్‌టీటీపీ, ఎక్స్‌ఎంఎల్, జేసన్ వంటి వాటిని సాధారణ దత్తాంశ నియమావళులు అంటారు. ఇవి ఏ రంగానికీ ప్రత్యేకించినవి కావు. బ్యాంకు లెక్కలు, రైలు టిక్కెట్లు, వార్తలు, చిత్రాలు అన్నీ వీటి ద్వారానే ప్రయాణిస్తాయి.

ఈ రెండు వర్గాలు ఒకదానికొకటి పోటీ అని, ఒకటి ఉంటే రెండవది అనవసరమని కొందరు భావిస్తారు. వాస్తవానికి సాధారణ నియమావళి అక్షరాలను చెక్కుచెదరకుండా చేరుస్తుంది. ఆరోగ్య ప్రమాణం ఆ అక్షరాల అర్థాన్ని చెక్కుచెదరకుండా చేరుస్తుంది. రెండవది మొదటిదానిపై ఆధారపడి పనిచేస్తుంది. ఈ వ్యాసం ఆ భేదాన్ని మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు ఉదాహరణలతో వివరిస్తుంది.

అవసరం

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లా నుండి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు, నెల్లూరు జిల్లా నుండి కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అందులో చేరాయి. పశ్చిమ ప్రకాశం అని వాడుకలో పిలువబడే ఈ మెట్ట ప్రాంతం పలకల పరిశ్రమకు, నల్లమల అడవికి, కంభం చెరువుకు ప్రసిద్ధి. తాగునీటిలో ఫ్లోరైడు ఈ ప్రాంతపు చిరకాల సమస్య. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధి ఉన్నట్లు 1937లోనే వైద్య పరిశోధకులు ప్రకటించారు. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు ఆనాడు ఆ జిల్లాలోనివే. మూత్రపిండ వ్యాధుల బాధితులు కూడా ఈ ప్రాంతంలో ఉన్నారు.

ఇటువంటి దీర్ఘవ్యాధులు గల రోగి ఒకే వైద్యశాలలో చికిత్స పొందడం అరుదు. మార్కాపురం నుండి పొదిలి మీదుగా ఒంగోలుకు, రైలుమార్గాన గుంటూరుకు, దోర్నాల, శ్రీశైలం మీదుగా హైదరాబాదుకు వెళ్ళేవారు ఉంటారు. గిద్దలూరువారికి నంద్యాల, కర్నూలు దగ్గర. ప్రతి చోటా కొత్త చీటీ, కొత్త నంబరు, కొత్త పరీక్షలు. పాత కాగితాలను ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని తిరగడం ఇక్కడి రోగులకు అలవాటు. ఆ సంచిలో ఒక్క కాగితం లోపించినా పరీక్ష మళ్ళీ చేయించుకోవలసి వస్తుంది, లేదా పాత మందుకు సరిపడని కొత్త మందు ఇచ్చే ప్రమాదం ఉంటుంది. సమాచార మార్పిడి ప్రమాణాలు తీర్చదలచిన సమస్య ఇదే.

సాధారణ నియమావళులు

కంప్యూటర్ల మధ్య సంభాషణను పొరలుగా విభజించి చూడడం వాడుక. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1984లో ప్రకటించిన ఓఎస్ఐ నమూనాలో ఏడు పొరలు ఉన్నాయి. అట్టడుగున తీగ, విద్యుత్ సంకేతాలు ఉంటాయి. అన్నింటికంటే పైన, ఏడవ పొరలో, మనిషికి ఉపయోగపడే అనువర్తనాలు ఉంటాయి.

టీసీపీ/ఐపీ దత్తాంశాన్ని ముక్కలుగా చేసి, దారి చూపి, గమ్యంలో తిరిగి వరుసగా కూర్చుతుంది. 1983 జనవరి 1న ఆర్పానెట్ ఈ పద్ధతికి మారింది. హెచ్‌టీటీపీ 1990 ప్రాంతంలో టిమ్ బెర్నర్స్ లీ రూపొందించిన వెబ్ నియమావళి. 'ఈ పత్రం ఇవ్వు', 'ఈ పత్రం తీసుకో' అను అభ్యర్థనలకు రూపం ఇస్తుంది. 1998లో వెలువడిన ఎక్స్‌ఎంఎల్, ఆ తరువాత ప్రచారంలోకి వచ్చిన జేసన్ వివరాలను పేర్లతో సహా వరుసగా రాసుకొనే పద్ధతులు. కామాలతో విడదీసిన సాదా పట్టికను సీఎస్‌వీ అంటారు.

తెలుగు పాఠకులకు పరిచితమైన సాధారణ ప్రమాణం యూనికోడ్. 1991లో వెలువడిన దీని తొలి కూర్పు నుండే తెలుగు లిపికి స్థానం ఉన్నది. అంతకు పూర్వపు ఖతులతో రాసిన తెలుగు, ఆ ఖతి లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా కనిపించేది. యూనికోడ్ ఆ చిక్కును తొలగించింది. అయితే 'చెన్నకేశవులు' అన్న పేరును సరిగా చూపడం వరకే దాని పని. ఆ పేరు ఏ చెన్నకేశవులుదో అది చెప్పలేదు.

ఈ భేదానికి రైలుమార్గం మంచి పోలిక. మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లున్న గుంటూరు-గుంతకల్లు మార్గం పూర్వం మీటరు గేజి. 1990వ దశకంలో అది బ్రాడ్ గేజిగా మారింది. పట్టాల వెడల్పు వేరైనచోట సరుకును ఒక పెట్టె నుండి దించి మరొక పెట్టెలోకి ఎక్కించక తప్పదు. వెడల్పు ఒక్కటే అయితే ఆ శ్రమ పోతుంది. సాధారణ నియమావళి పట్టాల వెడల్పు వంటిది. కాని పెట్టెలో ఉన్నవి పలకలా, పగిలే గాజుసామానా, ఎవరు పంపారు, ఎవరికి అప్పగించాలి అన్నది పట్టాలు చెప్పవు. అందుకు సరుకుతో వచ్చే రసీదు కావాలి. ఆరోగ్య ప్రమాణం ఆ రసీదు వంటిది.

అర్థం ఎక్కడ తప్పిపోతుంది

ఒక రోగి రక్తపరీక్ష ఫలితం 'క్రియాటినిన్ 2.4' అని ఉన్నదనుకొందాం. మూత్రపిండాల పనితీరును తెలిపే ఈ పరీక్షలో పెద్దవారికి సాధారణంగా డెసిలీటరుకు సుమారు 0.6 నుండి 1.3 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. 2.4 అంటే వైద్యుడు వెంటనే శ్రద్ధ చూపవలసిన సంఖ్య. ఈ రెండు మాటలను జేసన్‌లో పెట్టి హెచ్‌టీటీపీ ద్వారా పంపితే అవి తప్పక చేరుతాయి. కాని చేరిన చోట ఈ ప్రశ్నలు మిగులుతాయి:

* ఇది ఎవరి రక్తం? పేరు, వయస్సు మాత్రమే ఉంటే అదే పేరు గల మరొకరిది కావచ్చును.
* ఇది రక్తంలోనిదా, మూత్రంలోనిదా? క్రియాటినిన్‌ను రెండింటిలోనూ కొలుస్తారు.
* కొలమానం ఏది? భారతదేశంలో డెసిలీటరుకు మిల్లీగ్రాములు వాడుక. బ్రిటన్ వంటి దేశాలలో లీటరుకు మైక్రోమోళ్ళు వాడుతారు. అక్కడ ఇదే ఫలితం సుమారు 212 అవుతుంది.
* నమూనా ఎప్పుడు తీశారు? నిన్నటిదా, ఆరు నెలల క్రిందటిదా?
* ఇది తుది ఫలితమా, తాత్కాలికమా? తరువాత సవరించారా?
* దీనిని చూచుటకు రోగి అనుమతి ఉన్నదా?

కొలమానపు చిక్కు ఇతర రంగాలలోనూ ఉన్నది. 1999 సెప్టెంబరులో అంగారక గ్రహం చేరిన అమెరికా అంతరిక్ష నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నశించిపోవడానికి కారణం, ఒక బృందం బ్రిటిష్ కొలమానంలో ఇచ్చిన సంఖ్యలను మరొక బృందం మెట్రిక్ కొలమానంగా తీసుకోవడం. సంఖ్యలు చేరడంలో లోపం లేదు. అర్థం చేరలేదు. గిద్దలూరులో ఉన్న తల్లి చక్కెర పరీక్ష ఫలితాన్ని లండనులో ఉన్న కుమారుడు అక్కడి వైద్యునికి చూపితే ఇదే స్థితి ఎదురవుతుంది. ఇక్కడి 126 అక్కడి 7.0తో సమానం.

ఆరోగ్య ప్రమాణాల చరిత్ర

హెచ్‌ఎల్7: 1987లో అమెరికాలో ఈ సంస్థ ఏర్పడింది. దీని పూర్తి పేరు హెల్త్ లెవెల్ సెవెన్. ఏడు అన్న సంఖ్య ఓఎస్ఐ నమూనాలోని ఏడవ పొరను సూచిస్తుంది. క్రింది ఆరు పొరల పనిని సాధారణ నియమావళులకు వదలి, పై పొరలో ఆరోగ్య విషయాలను మాత్రమే తాము నిర్ణయిస్తామని ఆ పేరులోనే ఉన్నది. దీని రెండవ కూర్పు నేటికీ ప్రపంచంలో విస్తారంగా వాడుకలో ఉన్నది. అందులో సందేశం పంక్తులుగా ఉంటుంది. ప్రతి పంక్తిలోని గడులను నిలువు గీతలతో విడదీస్తారు. పైన చెప్పిన పరీక్ష ఫలితం అందులో ఈ విధంగా ఉంటుంది. అసలు సందేశం రోమన్ లిపిలో ఉంటుంది. ఇక్కడ తెలుగు లిపిలో చూపడమైనది.

ఓబీఎక్స్|1|ఎన్ఎం|2160-0^క్రియాటినిన్^ఎల్ఎన్||2.4|ఎంజీ/డీఎల్|0.6-1.3|హెచ్|||ఎఫ్

మొదటి మాట ఇది పరీక్ష ఫలితపు పంక్తి అని తెలుపుతుంది. ఎన్ఎం అంటే విలువ సంఖ్యా రూపంలో ఉన్నదని అర్థం. 2160-0 అనునది రక్తంలోని క్రియాటినిన్‌కు నిర్ణయించిన సంకేతం. తరువాతివి ఫలితం, కొలమానం, సాధారణ పరిమితి. హెచ్ అంటే పరిమితికి మించినది. ఎఫ్ అంటే తుది ఫలితం. రోగి ఎవరు అన్నది పీఐడీ అనే వేరొక పంక్తిలో వస్తుంది. పైన వేసిన ప్రశ్నలలో అధికభాగానికి ఇక్కడ గడి కేటాయించబడి ఉన్నది.

ఈ కూర్పులోని లోపం దాని వెసులుబాటే. ప్రతి వైద్యశాల 'జడ్' అక్షరంతో మొదలయ్యే సొంత పంక్తులను చేర్చుకోవచ్చును. అందువలన రెండు వైద్యశాలలు ఒకే ప్రమాణం వాడుతున్నా మళ్ళీ కూర్చొని మాట్లాడుకోవలసి వచ్చేది. దీనిని సరిచేయుటకు ఎక్స్‌ఎంఎల్ ఆధారంగా మూడవ కూర్పును తయారుచేశారు. అది పటిష్ఠమైనదే కాని మిక్కిలి జటిలమై, ఆశించినంత వ్యాప్తి పొందలేదు.

డైకామ్: ఎక్స్‌రే, సీటీ, ఎమ్ఆర్ఐ వంటి చిత్రాల ప్రమాణం. అమెరికాలోని రేడియాలజీ వైద్యుల సంఘం, విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం కలిసి 1985లో దీని తొలి రూపాన్ని వెలువరించాయి. ఆనాడు పరికరాలను కలుపుటకు 50 సూదులు గల ప్రత్యేకమైన కలపు సాధనాన్ని కూడా వారే నిర్ణయించారు. 1993లో డైకామ్ అన్న పేరుతో వచ్చిన కూర్పు ఆ ప్రత్యేక సాధనాన్ని విడిచి టీసీపీ/ఐపీని స్వీకరించింది. తీగ సంగతి అందరి తీగకు వదలి, చిత్రం సంగతి మాత్రం తాను ఉంచుకొన్నది. డైకామ్ చిత్రంలో రోగి పేరు, గుర్తింపు, తీసిన తేదీ, శరీరభాగం, కొలతలు చిత్రంతో విడదీయరాకుండా ఉంటాయి. అదే చిత్రాన్ని ఫోనుతో ఫొటో తీసి పంపితే ఆ వివరాలన్నీ పోతాయి. ఎముక పొడవు కొలవడానికి కూడా వీలుండదు.

ఫైర్: ఆస్ట్రేలియాకు చెందిన గ్రాహం గ్రీవ్ 2011లో చేసిన ప్రతిపాదన నుండి పుట్టినది. వెబ్‌సైట్లు నిర్మించేవారు అప్పటికే వాడుతున్న హెచ్‌టీటీపీ, జేసన్, ఎక్స్‌ఎంఎల్‌లనే తీసుకొని, వాటిలో నింపవలసిన ఆరోగ్య విషయాలను మాత్రం కచ్చితంగా నిర్ణయించడం దీని పద్ధతి. రోగి, పరిశీలన, మందు ఆదేశం, రోగ నిర్ధారణ అను చిన్న చిన్న అంశాలుగా సమాచారాన్ని విభజిస్తుంది. 2014లో తొలి ప్రయోగాత్మక కూర్పు, 2018 డిసెంబరులో నాలుగవ కూర్పు, 2023లో ఐదవ కూర్పు వెలువడినాయి.

ఈ మూడింటి చరిత్ర ఒకే దిశలో సాగింది. ఆరోగ్య రంగం తన సొంత పట్టాలు వేసుకోవడం క్రమంగా మానుకొని, తన సొంత రసీదుపై దృష్టి నిలిపింది.

పదకోశాలు

గడులను నిర్ణయించినంత మాత్రాన పని పూర్తికాదు. గడిలో రాసే మాట కూడా అందరికీ ఒక్కటే కావాలి. అందుకు ప్రత్యేక పదకోశాలు ఉన్నాయి.

* లోయింక్: పరీక్షల సంకేతాలు. 1994లో అమెరికాలోని రీజెన్‌స్ట్రీఫ్ సంస్థ ప్రారంభించింది. రక్తంలోని క్రియాటినిన్‌ను మిల్లీగ్రాములలో కొలిస్తే 2160-0, మోళ్ళలో కొలిస్తే 14682-9, మూత్రంలో మిల్లీగ్రాములలో కొలిస్తే 2161-8.
* స్నోమెడ్ సీటీ: రోగాలు, లక్షణాలు, చికిత్సల పదకోశం. భారతదేశం 2014లో దీని అంతర్జాతీయ సంస్థలో సభ్యత్వం పొందింది.
* ఐసీడీ: ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల వర్గీకరణ. దీని పదకొండవ కూర్పు 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది.
* యూకమ్: కొలమానాలను రాసే ఏకరీతి పద్ధతి.

సాధారణ నియమావళులలో ఇటువంటి పదకోశాలు లేవు, ఉండవలసిన అవసరమూ లేదు. ఎక్స్‌ఎంఎల్‌కు 'క్రియాటినిన్' అన్నా 'కందిపప్పు' అన్నా ఒక్కటే.

ముఖ్య భేదాలు

* ఉద్దేశం: సాధారణ నియమావళి దత్తాంశాన్ని చేరుస్తుంది. ఆరోగ్య ప్రమాణం దాని అర్థాన్ని నిలుపుతుంది.
* గుర్తింపు: హెచ్‌టీటీపీకి కంప్యూటరు చిరునామా తెలిస్తే చాలు. ఆరోగ్య ప్రమాణానికి మనిషి గుర్తింపు తెలియాలి.
* కాలం: వెబ్ పుటను మార్చితే పాతది పోవచ్చును. వైద్య వివరంలో సవరణ జరిగితే పాత విలువ, సవరించినవారు, సమయం తెలియాలి.
* లోపం: పత్రం అందకపోతే సాధారణ నియమావళి లోపాన్ని తెలుపుతుంది. పత్రం అంది, అందులో కొలమానం లేకపోతే దానికది లోపం కాదు.
* గోప్యత: మార్గమధ్యంలో ఇతరులు చదవకుండా సంకేతలిపిలో పంపడం సాధారణ పద్ధతులతోనే సాధ్యం. ఎవరు, ఎందుకు, ఎంతకాలం చూడవచ్చును అన్నది ఆరోగ్య వ్యవస్థ నిర్ణయించాలి.
* వ్యయం: సాధారణ నియమావళులు తెలిసినవారు అంతటా ఉన్నారు. ఆరోగ్య ప్రమాణాలు తెలిసినవారు తక్కువ; చిన్న పరీక్షాలయానికి ఇది భారం.

ఏది ఎక్కడ సరిపోతుంది

ఆరోగ్యానికి సంబంధించిన ప్రతి వివరానికీ ఆరోగ్య ప్రమాణం అవసరం లేదు. గ్రామాలవారీగా బోరుబావుల నీటిలో ఫ్లోరైడు ఎంత ఉన్నదో తెలిపే జాబితాను సీఎస్‌వీ పట్టికగా ఇస్తే చాలు. గ్రామం పేరు, బావి స్థానం, తేదీ, లీటరుకు మిల్లీగ్రాములు అన్న నాలుగు నిలువు వరుసలు దానికి సరిపోతాయి. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు వాంఛనీయం. వేరే నీటి వసతి లేనిచోట 1.5 వరకు అనుమతి ఉన్నది. బావికి గోప్యత లేదు. పైగా ఆ వివరం ఎంత బహిరంగమైతే ఊరికి అంత మేలు.

అదే నీరు తాగిన మనిషి మూత్రంలోని ఫ్లోరైడు, ఎముకల ఎక్స్‌రే, క్రియాటినిన్ విషయం వేరు. అది ఒక వ్యక్తికి చెందినది. తప్పు మనిషికి అంటుకొంటే చికిత్స తప్పుతుంది; అందరికీ తెలిస్తే పెండ్లి సంబంధం మొదలు ఉద్యోగం వరకు నష్టం కలుగవచ్చును. కాబట్టి ఊరి నీటి జాబితాకు సాధారణ పట్టిక, రోగి ఫలితానికి ఆరోగ్య ప్రమాణం తగినవి. ఊరిలో ఎంతమందికి వ్యాధి ఉన్నదో లెక్కించేటప్పుడు రోగుల వివరాల నుండి పేర్లు తొలగించి, సంఖ్యలను మాత్రమే పట్టికలోకి తీసుకొంటారు. గ్రామం చిన్నదైతే సంఖ్యను బట్టి కూడా మనిషిని పోల్చుకోవచ్చును గనుక అక్కడ మరింత జాగ్రత్త అవసరం.

భారతదేశంలో

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2013లో ఎలక్ట్రానిక్ ఆరోగ్య పత్రాల ప్రమాణాలను ప్రకటించి 2016లో సవరించింది. 2020 ఆగస్టు 15న జాతీయ డిజిటల్ ఆరోగ్య మిషన్ ప్రకటించబడి, మొదట ఆరు కేంద్రపాలిత ప్రాంతాలలో ప్రయోగాత్మకంగా అమలయింది. 2021 సెప్టెంబరు 27న అది ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ పేరుతో దేశవ్యాప్తంగా ప్రారంభమైనది. ఇందులో పౌరునికి ఆభా అనే 14 అంకెల సంఖ్య ఇస్తారు. పత్రాల మార్పిడికి ఫైర్ నాలుగవ కూర్పును స్వీకరించారు. మందుల చీటీ, పరీక్ష నివేదిక, డిశ్చార్జి సారాంశం, టీకాల పత్రం వంటి వాటికి భారతీయ నమూనాలు నిర్ణయించబడినాయి.

ఈ పద్ధతిలో పత్రాలన్నీ ఒకే చోట పోగుకావు. తయారైన వైద్యశాలలోనే ఉంటాయి. మార్కాపురంలో చేసిన పరీక్షను గుంటూరు వైద్యుడు చూడదలిస్తే ముందుగా రోగి ఫోనుకు అభ్యర్థన వస్తుంది. ఏ ప్రయోజనానికి, ఏ రకపు పత్రాలు, ఏ తేదీల మధ్యవి, ఎంతకాలం వరకు అన్నవి అందులో ఉంటాయి. రోగి సమ్మతిస్తే మార్కాపురం కంప్యూటరు ఆ పత్రాన్ని సంకేతలిపిలోకి మార్చి పంపుతుంది. ఇందులో దారి, సంకేతలిపి సాధారణ పద్ధతులు. సమ్మతి, పత్రం రూపం ఆరోగ్య రంగానివి. ఇందుకు ఆ రెండు వైద్యశాలల సాఫ్ట్‌వేర్లు ఈ వ్యవస్థతో అనుసంధానమై ఉండాలి. రోగి ఆ పత్రాన్ని తన ఆభా సంఖ్యకు జతచేసుకొని ఉండాలి.

ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ముందే 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదలైనది. 2024 నుండి అది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్నది. చికిత్సకు ముందస్తు అనుమతి, బిల్లుల చెల్లింపు దాని ముఖ్యావసరాలు. బిల్లు చెల్లించుటకు చాలిన వివరం చికిత్స కొనసాగించుటకు చాలకపోవచ్చును. అందువలన బీమా వివరాలు ఎంతకాలంగా ఉన్నా అవి వైద్య పత్రాలకు ప్రత్యామ్నాయం కాజాలవు.

వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. దాని నియమాలు 2025 నవంబరులో ప్రకటించబడినాయి. అమలు దశలవారీగా ఉంటుంది.

పరిమితులు

ప్రమాణం పాటించినంత మాత్రాన ఫలితం రాదు. దీనికి మూడు కారణాలు ముఖ్యం.

మొదటిది పేర్ల సమస్య. చెన్నకేశవస్వామి కొలువైన మార్కాపురం ప్రాంతంలో చెన్నకేశవులు, చెన్నమ్మ అన్న పేర్లు తరచుగా వినిపిస్తాయి. ఆంగ్లంలో ఒక్కొక్క కార్యాలయం ఒక్కొక్క విధంగా రాస్తుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, మరొకచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. పెద్దవారిలో పుట్టిన తేదీ తెలియనివారికి జనవరి 1 లేదా జూలై 1 అని రాయడం పరిపాటి. సంఖ్య ద్వారా గుర్తింపు ఈ చిక్కును తగ్గిస్తుంది. కాని ఒకే ఫోను నంబరును ఇంటిల్లిపాదీ వాడుకొనే చోట ఎవరి సంఖ్యకు ఎవరి పత్రం చేరుతున్నదో చూసుకోవలసి ఉంటుంది.

రెండవది, పత్రాన్ని ఫొటోగా పంపడం. చేతితో రాసిన చీటీని స్కాన్ చేసి ఫైర్ పత్రంలో చేర్చుటకు వీలున్నది. అది కాగితం పోకుండా కాపాడుతుంది, వైద్యుడు చదువుకోవచ్చును. కాని అందులోని క్రియాటినిన్ గత సంవత్సరం కంటే పెరిగినదా అని కంప్యూటరు పోల్చి చెప్పలేదు. రసీదు ఉన్నది, దానిపై రాత లేదు అన్నట్లు అవుతుంది.

మూడవది సమ్మతి. నల్లమల గూడేలలోని చెంచులకు గాని, చదువురాని వృద్ధులకు గాని ఫోనులో వచ్చిన అభ్యర్థనను చదివి వివరించేవారు కావాలి. చదవకుండా నొక్కిన మీట నిజమైన సమ్మతి కాదు. ఏ ప్రమాణమూ ఈ పనిని తనంతట తాను చేయలేదు.

ఈ కారణాల వలన రెండు వైపులా కంప్యూటర్లు అనుసంధానమయ్యే వరకు కాగితం ప్రాధాన్యం తగ్గదు. ఆ కాగితానికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. రోగి పూర్తి పేరు, పరీక్ష పేరు, నమూనా తీసిన తేదీ, ఫలితం, కొలమానం, పరీక్షాలయం పేరు ఉన్న నివేదిక ఏ ఊరి వైద్యునికైనా అర్థమవుతుంది. వీటిలో ఏది లోపించినా, ఎంత వేగంగా చేరినా, పరీక్ష మళ్ళీ చేయవలసిందే.